పెళ్లి కార్డు మీద కొమ్ములు

ఆ రోజుల్లో మా సారపాకలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి డాక్టరు తర్వాత అంతటి మర్యాద ఉండేది. (తొమ్మిదో తరగతిలో నేను బడిని వదిలానా, బడే నన్ను వదిలిందా అని ఆ కుర్చీ ఎక్కాక ఎవరూ అడగలేదు.) పేపరు మిల్లుకు వెళ్లే దారిలో ఒక డీటీపీ సెంటరు, అందులో నేను. "ఏ ఆపదొచ్చినా ముందు సేవ్ కొట్టు, తర్వాత ఏడువు" అని మా ఓనరన్న చెప్పిన ఒక్క ముక్కే నా కంప్యూటర్ చదువంతా.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం జామాయిల్ మామ వచ్చాడు. అడవిలోని ఊరి నుంచి వచ్చి మిల్లు లారీలకు జామాయిల్ కర్ర ఎత్తుతాడు కాబట్టి ఆ పేరు. నన్ను అల్లుడా అంటాడు కాబట్టి మామ. వెంట పెళ్లికూతురు, ఆయన బిడ్డ. "అల్లుడా, కార్డు మీద మీ బొమ్మలొద్దు. మా డోలు ఆటల తలకు కట్టుకునే అడవిదున్న కొమ్ములుంటయి సూడు, గవి పెట్టాలె. పోయినేడు మా తమ్ముని బిడ్డ కార్డు మీద వేరే బొమ్మ సూసి 'ఇది ఎవరింటి పెండ్లిరా' అని మా ఊరి పెద్దాయన కార్డే ముట్టలే. పెండ్లికీ రాలే. ఆయన రాంది డోలు కొట్టరు. ఈ పిల్ల పెండ్లి గూడ గట్ల చప్పగ కావాల్నా ఏంది?"

"కంప్యూటర్ల లేంది లేదు మామా" అని సింబల్స్ పెట్టె తెరిచాను. టెలిఫోను, కత్తెర, కవరు, పుర్రె, బాంబు. "పెండ్లికి బాంబెందుకు అల్లుడా?" "కొందరికి అవసరం పడతది మామా." చివరికి ఒక మూల గుండ్రటి తల, దాని మీద వంపు తిరిగిన రెండు కొమ్ములు దొరికాయి. (అది వృషభ రాశి గుర్తని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.) "అవ్, గిదే!" అని మామ స్టూలు మీంచి లేచాడు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? అడుగున ఒక పూల వరుస కూడా వేద్దామనుకున్నాను. మౌసుతో ఆ ఒక్క వరుసను పట్టుకోవాల్సింది పోయి, పేజీ మొత్తం పట్టుకుని బొమ్మల ఫాంటు కొట్టాను. అంతే! పెళ్లికూతురి పేరులో రెండు పుర్రెలు, ఒక బాంబు. పెళ్లికొడుకు ఇంటిపేరు నిండా చూపుడువేళ్లు. సకుటుంబ సపరివారంగా రమ్మన్నచోట కత్తెరలు. నోరు తెరుచుకుని కుర్చీకి అతుక్కుపోయాను. ఆపదొచ్చింది కదా, నేర్చిన చదువు గుర్తొచ్చి ఠక్కున సేవ్ కొట్టాను. ఆ మరుక్షణం కరెంటు పోయింది.

"నా బిడ్డ పేరుల పుర్రెలేందిరా!" అన్నాడు మామ, కిటికీ లేని ఆ గది చీకట్లోంచి. ('అల్లుడా' పోయి 'రా' మిగిలింది.)

"నాయినా, కరెంటు స్తంభానికి గిసొంటిదే ఉంటది" అంది పెళ్లికూతురు, నవ్వు ఆపుకుంటూ.

కరెంటు వచ్చింది. ఫైలు తెరిస్తే పుర్రెలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇంతలో చాయ్ తాగొచ్చిన ఓనరన్న తొంగి చూసి, "పెండ్లి కార్డా, దినాల కార్డారా ఇది?" అంటూ నన్ను పక్కకు నెట్టి, మొత్తం పట్టుకుని మళ్లీ తెలుగు ఫాంటు కొట్టాడు. కొమ్ములు కూడా ఏ ఒత్తో గుడో అయిపోతాయని కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే పేర్లన్నీ తిరిగొచ్చాయి, కొమ్ములు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి! (పెట్టెలోంచి తెచ్చిన గుర్తు ఫాంటు మార్చినా మారదట.) మామ మీసం దువ్వాడు. "సూసినవా? అన్నీ మారినయి గని మావి కదల్లే."

వారం తిరక్కుండానే మామ మళ్లీ కనిపించాడు. పెద్దాయన కార్డు ముట్టాడా అని భయంభయంగా అడిగాను.

"ముట్టిండు. శానసేపు సూసిండు. 'కొమ్ములైతే మనయే గని, కింద ఈ గుండు మొకం ఎవనిది, దేన్నో సూసి జడుసుకున్నట్టున్నది' అన్నడు. కంప్యూటర్ కాడి మా అల్లునిదే అని చెప్పిన."

ఆ పెళ్లిలో డోలు తెల్లారేదాకా మోగింది. ఇప్పుడు ఫోన్లో ఎవరైనా నోరు తెరిచిన గుండ్రటి ముఖం బొమ్మ పంపితే, కుర్చీలో బిగుసుకుపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, పోలిక బాగానే ఉంటుంది, కొమ్ములే తక్కువ.