గడువు దాటిన తాకిడులు

ఒక లెక్కకు ఎక్కువ సేపు పట్టిందంటే ఆ లెక్క పనికిరానిదని మీకెవరు చెప్పారు? మాకు మాత్రం అలవాటు చెప్పింది.

మాదాపూర్‌లోని మా ఆఫీసుకు ఒక విదేశీ ప్రయోగశాల పని వచ్చింది. అక్కడ పరమాణువుకన్నా చిన్న కణాలను ఢీకొట్టిస్తారు. లెక్కకు అందనన్ని తాకిడులు జరుగుతాయి. అన్నిటినీ దాచే చోటు ఎక్కడా లేదు. అందుకని వందల కంప్యూటర్లు వాటిని పంచుకుని, ఏది దాచాలో ఏది పారేయాలో అక్కడికక్కడే తేల్చేస్తాయి. పారేసింది మళ్లీ రాదు. ఆ తేల్చే ప్రోగ్రాములో ఒక భాగం మాది. దాన్ని పరీక్షించి ఆమోదించే బాధ్యత నాది.

మా టీమ్ లీడ్ అంతకుముందు కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసి వచ్చారు. అక్కడ గడువులోగా తేలని ఫిర్యాదు దానంతటదే మూతపడుతుంది, పనుల స్థితి చూపే బోర్డు అంతా బాగున్నట్టు పచ్చగా వెలుగుతుంది. ఆ పద్ధతినే ఆయన ఇక్కడికీ తెచ్చారు. ఒక్కో తాకిడికి కొంత గడువు; కంప్యూటరు ఆలోగా తేల్చలేకపోతే దాన్ని పారేయాలి. గురువారం ఉదయం ముహూర్తం బాగుందని, ఆ వేళకు ప్రోగ్రామును పంపడానికి కొబ్బరికాయ కూడా తెప్పించారు.

ఆ ఉదయమే, నాతో కలిసి పరీక్షలు చేసే లింగంపల్లి అమ్మాయి, మేం తయారుచేసిన నమూనా తాకిడులను ప్రోగ్రాములోకి వదిలింది.

"మేడం, జర ఇటు చూడుండ్రి. ఎక్కువ కణాలు పుట్టినయన్నీ మాయమైనయ్. సాదాసీదావి మాత్రం దర్జాగ బయటికొచ్చినయ్."

కారణం తెలుస్తూనే ఉంది. ఎక్కువ కణాలు పుట్టిన రద్దీ తాకిడిని విప్పి చూడటానికే ఎక్కువ సమయం కావాలి. మనకు తెలియని కణం దాగి ఉండగల చోటును మేం ముందే ఊడ్చేస్తున్నాం. లీడ్‌ను పిలిచాను.

"గడువు దాటినవి చెత్తేనండీ మేడం. బోర్డు చూడండి, ఒక్క ఎరుపు లేదు."

"అవి చెత్తేనని ఎవరు చూశారు?"

"చూసే టైము లేకే కదండీ పారేస్తున్నాం! మీకు ముహూర్తం మీద నమ్మకం లేదు, సరే. క్లయింటుకి చెప్పిన టైము మీదైనా ఉండాలి కదా!"

అమ్మాయి నవ్వింది. "గట్లయితే టైముకి ఖాళీ డబ్బా పంపుదామా సార్? కొట్టెతందుకు కొబ్బరికాయ ఎట్లనూ ఉన్నది."

నేను ఆమోదం ఇవ్వనన్నాను. కొబ్బరికాయ మీద నాకు పెద్ద కోపం లేదు. పచ్చరంగు కనబడగానే ప్రశ్నను ఆపేయడం మీద ఉంది. అదీ మూఢనమ్మకమే. దానికి ఏసీ గది దొరికింది, అంతే.

గడువు దాటినవాటిని పారేయకుండా విడిగా దాచేలా మార్చమన్నాను. లీడ్ విసుక్కుంటూనే కీబోర్డు ముందు కూర్చున్నారు. పరీక్ష మళ్లీ నడిచింది. మాయమైన తాకిడులన్నీ ఆ విడి చోట కనిపించాయి. ఆయన ఒక్కొక్కటే చివరిదాకా తెరిచి చూశారు. ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది.

"ఆలస్యమవుతుందని క్లయింటుకి నేనే చెప్తానండీ" అన్నారు చివరికి.

గడువు దాటినదాన్ని చూడకుండా చెరిపే నియమం మీ ప్రోగ్రాములోనూ, మీ ఆఫీసులోనూ ఉందేమో వెతకండి. దొరికితే ఇవాళే తీసేయండి. పైవాళ్లు తొందరపెడితే ఆమోదం ఇవ్వకండి.