గడప దాటిన టేపక్క

మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె టేపక్క. చిన్నతనంలో వచ్చిన ఒక జ్వరం కాళ్లని తీసుకుపోయింది గానీ చేతుల జోలికి రాలేదు. ఆ చేతులు కుట్టిన చొక్కా భుజం దగ్గర ముడత పడిందంటే తప్పు చొక్కాది కాదు, భుజానిదే అనుకునేవారు జనం.

ఆమె ఉండేది తమ్ముడింట్లో, మేడ మీద. కుట్టు దుకాణం కింద, వీధి వైపు. మధ్యలో మెట్లు. పొద్దున ఆమెని ఎత్తుకుని దించడం, సాయంత్రం ఎత్తుకుని ఎక్కించడం తమ్ముడి వంతు. అతను తాపీ మేస్త్రి. సిమెంటు బస్తాలు మోసిన భుజాలకి అక్క ఒక లెక్క కాదు. మీసాలు రాకముందే మొదలుపెట్టిన మోత అది.

"బరువెక్కావే అక్కా" అనేవాడు మెట్ల మధ్యలో ఆగి.

"నీ భుజం అరిగింది లేరా, నన్నంటావేం" అనేది ఆమె.

నవ్వులు నవ్వులే, తిప్పలు తిప్పలే. చక్రాల కుర్చీ కింద దుకాణంలోనే ఉండేది. తమ్ముడు పనికి పోతే మళ్లీ వచ్చేదాకా ఆమె కిందే. అక్కడ ఆమె వాడుకోగల మరుగుదొడ్డి లేదు. అందుకని ఎండ మండిపోతున్నా గుక్కెడు నీళ్లు తాగాలంటే ఆలోచించేది. తమ్ముడికి ఆలస్యమైన రోజున, పని లేకపోయినా ఉన్నట్టు, మడత పెట్టిన గుడ్డల్నే విప్పి మళ్లీ మడత పెట్టేది. ఆమె మనసులో ఒకటే కోరిక. ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లాలి, ఎవరినీ పిలవకుండా లోపలికి రావాలి.

ఆ కోరికకి దారి చూపించింది చూపు లేని మనిషి. రేడియోలు బాగుచేసే పెద్దాయన, అందరికీ రేడియో బాబాయి. ఒకరోజు చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టించుకుంటూ అన్నాడు.

"మా పక్క వాటా ఖాళీ అయిందమ్మాయ్. వస్తావా?"

సూది ఆమె వేలికి గుచ్చుకుంది.

బాబాయి ఉండేది రెండు వీధుల అవతల, మేడ లేని పొడుగాటి ఇంట్లో. నాలుగు వాటాలు, ముందు ఒకే వసారా. వైకల్యం ఉన్నవాళ్లు ఎవరి బతుకు వాళ్లు బతకాలని ఒక సంఘంవాళ్లు కట్టించారు. ఎవరి తాళం వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది. పొద్దునా సాయంత్రం ఒక సాయం మనిషి వస్తుంది. అందరూ ఆమెని సాయమ్మ అంటారు. స్నానానికి చెయ్యి అందిస్తుంది, పరుపు సర్దుతుంది, బరువైనవి దించిపెడుతుంది. అయితే అడిగిన పనే చెయ్యాలి, అడగని పని ముట్టుకోకూడదు. ఈ రెండోదే కష్టమని ఆమె నిట్టూరుస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్లకీ ఒక నియమం ఉంది. వాటా తలుపు తామే తీసి, తామే లోపలికి వెళ్లి, తామే మూసుకోవాలి. ఎవరైనా ఎత్తుకొచ్చి లోపల పెడితే ఆ వాటా ఇవ్వరు. ఎందుకంటే ఒకప్పుడు కొందరు ఇంటివాళ్లు తమ మనిషిని ట్రంకుపెట్టెలా తెచ్చి దించేసి పోయారట. ఆ మనిషికి రావడం ఇష్టమో కాదో అడిగిన నాథుడు లేడు. అప్పటినుంచి ఈ పద్ధతి. తాళాలు బాబాయి దగ్గరుంటాయి. తీర్పూ ఆయనదే.

ఈ మాట ఇంట్లో చెప్పగానే మరదలు కళ్లు ఒత్తుకుంది.

"మేమేం తక్కువ చేశాం వదినా?"

"తక్కువ కాదే పిల్లా, ఎక్కువైంది. తిండైనా సాయమైనా ఎక్కువైతే అరగదు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"చొక్కాలెప్పుడిస్తావ్ అనుకుంటారు."

తమ్ముడు గోడకేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ఒక్క మాట అడిగాడు.

"ఆ వాటాలో పొయ్యిగట్టు ఎత్తెంత?"

ఒప్పుకున్నాడని ఆమెకి అర్థమైంది. మాటలతో ఒప్పుకునే మనిషి కాడు అతను.

మర్నాడు ఆమె టేపే తీసుకుని ఆమెకే కొలతలు తీశాడు. కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ముందుకి చాపమన్నాడు, పక్కకి చాపమన్నాడు, మోకాలి ఎత్తు చూశాడు, కుర్చీ వెడల్పు చూశాడు.

"ఊళ్లో అందరికీ నేను తీశాను. నాకు తీసే దర్జీ ఇప్పుడు దొరికాడు" అంది.

"కదలకు. నువ్వు నవ్వితే అంగుళం తేడా వస్తుంది."

బాబాయి దగ్గర తాళం తీసుకుని, వాటాని ఆమెకి తగ్గట్టు మార్చే పని మొదలుపెట్టాడు. ఆమె చూడ్డానికి వస్తానంటే మాత్రం ససేమిరా అన్నాడు. సగం కట్టిన గోడ ఇంకొకరి కంట పడకూడదనేది అతని పట్టుదల. మరదలు మాత్రం టీ పట్టుకెళ్లి, చూసొచ్చి, చెవిలో ఊదేది. పొయ్యిగట్టు కింద మోకాళ్లు దూరేట్టు ఖాళీ వదిలాడట. స్విచ్చులన్నీ మోచేతి ఎత్తుకి దించాడట. స్నానాల గదికి పక్కకి జరిగే తలుపు, రెండు గోడలకీ పట్టుకోవడానికి కడ్డీలు, మోచేత్తో నెట్టినా తిరిగే కుళాయి. "నాకు కూడా ఇలాంటి వంటిల్లు కట్టిపెట్టమంటే, నీకు కాళ్లున్నాయిగా అంటున్నాడు వదినా" అని మూతి తిప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. తమ్ముడు ఆమెని మెట్లు దించి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాటా దాకా వీధంతా ఆమే తోసుకుంటూ వెళ్లింది. వసారాలోకి వాలుగా దారి ఉంది, ఎక్కింది. బాబాయి తాళంచెవి చేతిలో పెట్టాడు.

"నీ తరవాత వరసలో పళ్ల దుకాణం ఆవిడ కాచుకుని ఉంది. పొద్దు గూకేలోగా లోపలుంటే నీది, లేకపోతే ఆవిడది. ఆడవాళ్లిద్దరి మధ్య నన్ను ఇరికించకమ్మాయ్."

ఆమె తాళం తీసింది. తలుపు నెట్టింది. లోపల అంతా మెరిసిపోతోంది. చక్రాలు ముందుకి తోసింది. చిన్న చక్రాలు రెండూ ఠక్కున ఆగాయి.

గడప!

నల్లరాతి గడప. నాలుగు వేళ్ల ఎత్తు. అద్దంలా నునుపు చేసి, అంచులు గుండ్రంగా తిప్పి, తన పనితనమంతా పోసి పెట్టాడు తమ్ముడు. ఇల్లంతా ఆమె కొలతకి కట్టినవాడు, గుమ్మం దగ్గర మాత్రం తన కాళ్ల కొలతకి కట్టాడు.

అందరి కళ్లూ ఆ రాయి మీదే.

"ఏమిట్రా ఈ నిశ్శబ్దం? ఎవరైనా పోయారా?" అన్నాడు బాబాయి.

తమ్ముడి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, వంగి ఆమె మోకాళ్ల కింద చెయ్యి వేశాడు. "బాబాయికి కనబడదుగా, గభాలున దాటించేస్తా" అని గొణిగాడు.

"కనబడదు నాయనా, వినబడుతుంది" అన్నాడు బాబాయి. "చక్రం చప్పుడు వేరు, నీ బూట్ల చప్పుడు వేరు."

టేపక్క తమ్ముడి చేతి మీద ఒక్కటి వేసింది. "తియ్యి చెయ్యి."

"గడప అడ్డమవుతుందని నాకే తట్టలేదే అక్కా! పెట్టింది నేనే, తట్టనిదీ నాకే!"

"ఎలా తడుతుందిరా? ఇన్నేళ్లుగా నన్ను ఎత్తుకుని గడపలు దాటుతున్నావు. మనిద్దరికీ ఉన్నవి రెండే కాళ్లు, అవి నీవి. వాటికి గడప ఒక అడ్డమా?"

ఆ మాట కోపంగా అనలేదు ఆమె. నవ్వుతూనే అంది. కానీ అతను తల దించుకున్నాడు.

"చెక్క పలక వేస్తా, ఎక్కెయ్" అన్నాడు.

"వసారా వెడల్పు చూడు. వాలు ఎంత నిలువుగా వస్తుందో నాకన్నా నీకే తెలుసు. వెనక్కి దొర్లి బాబాయి ఒళ్లో పడతా."

"పడితే పట్టుకుంటా గానీ, ఎటునుంచి వస్తున్నావో ముందే చెప్పు" అన్నాడు బాబాయి.

మిగిలింది ఒకటే దారి. అది అతనికీ తెలుసు. రాయి వైపు చూశాడు, పొద్దు వైపు చూశాడు. "గడప తీసేస్తే వాననీళ్లు లోపలికొస్తాయి" అన్నాడు, చివరి ప్రయత్నంగా.

"నీళ్లకి దారి నువ్వు చూపించలేవా? పెద్ద మేస్త్రివి!"

ఆ దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. చొక్కా చేతులు పైకి మడిచి, సంచిలోంచి ఉలీ సుత్తీ తీశాడు. మొదటి దెబ్బ వెయ్యడానికి చెయ్యి రాలేదు. రెండో దెబ్బ నుంచి మాత్రం మళ్లీ మేస్త్రి అయిపోయాడు. రాయి పెళ్లలు పెళ్లలుగా లేచింది. లోపలి నేలకి సమంగా చెక్కాడు. గుమ్మం బయట అడ్డంగా సన్నటి కాలువ తవ్వి, వాలు సరిచూసి, దాని మీద ఇనప జల్లెడ బిగించాడు. చెంబుడు నీళ్లు గుమ్మంలో కుమ్మరిస్తే, చుక్క లోపలికి పోకుండా కాలువలోకి జారిపోయాయి. సాయమ్మ చీపురు పట్టుకుని నిలబడి, ఊడవాలని చేతులు దురద పెడుతున్నా ఎవరూ అడగలేదు కాబట్టి ఊడవలేక, పైకీ కిందకీ చూస్తోంది.

"ఊడ్చు తల్లీ, ఊడ్చు" అంది టేపక్క జాలిపడి.

పొద్దు ఇంకా ఇళ్ల కప్పుల మీద ఉండగానే ఆమె కుర్చీ వెనక్కి తీసుకుంది. తోసింది. చక్రాలు జల్లెడ మీద గలగలమన్నాయి, ఆ తరవాత చప్పుడు లేకుండా లోపలికి జారాయి. బాబాయి తల పక్కకి వంచి వింటున్నాడు. ఆమె లోపల కుర్చీ తిప్పుకుని, బయట నిలబడ్డ వాళ్లందరినీ ఒకసారి చూసి, వాళ్ల ముఖాల మీదే తలుపు మూసింది. గొళ్లెం పడింది.

"చక్రాలు, తలుపు, గొళ్లెం" అన్నాడు బాబాయి. "వాటా ఆమెదే."

లోపల ఆమె ఒక్కతే. స్విచ్చు వేసింది, ఆపింది, మళ్లీ వేసింది. పొయ్యిగట్టు కిందకి మోకాళ్లు పెట్టి చూసింది, సరిగ్గా దూరాయి. కడ్డీలు పట్టుకుని ఊగి చూసింది, ఒక్కటీ కదల్లేదు. టీకి నీళ్లు పెట్టింది. బయట మరదలి గొంతు, "ఏం చేస్తోందండీ ఇంతసేపు?" సంతోషం పట్టలేక టేపక్క నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది.

తలుపు చప్పుడైంది.

"ఎవరూ?"

"నేనే అక్కా."

"నేనంటే బోలెడుమంది. పని మీద వచ్చారా, చూడ్డానికి వచ్చారా?"

బయట బూట్లు అటూ ఇటూ కదిలాయి. "చూడ్డానికి" అన్నాడు తమ్ముడు.

ఆమె గొళ్లెం తీసింది. "బూట్లకి రాతి పొడి ఉంది, దులుపుకుని రా. మా ఇల్లు పాడవుతుంది."

అతను చుట్టంలా చెక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆమె టీ కప్పు ఒళ్లో పళ్లెంలో పెట్టుకుని, కుర్చీ తోసుకుంటూ తెచ్చి ఇచ్చింది. సగం పళ్లెంలోకి ఒలికింది. పళ్లెంలోదే ముందు తాగాడు.

"ఎలా ఉంది?"

"చక్కెర ఎక్కువైంది."

"నా ఇంట్లో ఇంతే."

వాళ్లు బయల్దేరేసరికి ఆమె కూడా కదిలింది. గుమ్మం దాటి, వసారా దిగి, వీధి మలుపు దాకా వెంట వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ని సాగనంపడం అదే మొదటిసారి. మలుపులో అతను ఆగిపోయాడు.

"ఇక నువ్వు లోపలికెళ్లు. నువ్వెళ్లాక వెళ్తా."

"చుట్టాలు ముందు వెళ్లాలి. నడు."

అతను నడిచాడు. రెండుసార్లు వెనక్కి చూశాడు. మూడోసారి మరదలు అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

టేపక్క వెంటనే వెనక్కి తిరగలేదు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఎడమ వైపు వెళ్తే దారాల దుకాణం, కుడి వైపు ఏముందో ఆమెకి తెలీదు. కుర్చీ కుడి వైపు తిప్పింది.

వసారాలోంచి బాబాయి కేకేశాడు. "చక్రాలు అటు పోతున్నాయేమిటమ్మాయ్? ఎక్కడికి?"

"ఊరికే బాబాయ్!" అని అరిచింది ఆమె, ఆగకుండా.