వసీలా ఆడిన నలభై రోజులు

తల్లి శవం గడప దాటేటప్పుడు వసీలా వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంది. ఏడవలేదు. స్ఫాక్స్ పట్నంలో మా వీధి ఆడవాళ్లు ఆ సంగతి చాలాకాలం చెప్పుకున్నారు. “గుండె రాయైపోయింది పాపం” అన్నారు కొందరు. “పీడ వదిలిందనుకుంటోందేమో” అన్నారు ఇంకొందరు. నేను వాళ్ల పక్కింట్లోనే ఉంటాను. ఆ రెండూ నిజం కావని నాకు తెలుసు. మరి నిజం ఏమిటంటే చెప్పలేను.

అప్పటికి వసీలాకి నలభై మూడేళ్లు. ఒకప్పుడు పెళ్లిబట్టల మీద జరీపని చేసేది. వాళ్లమ్మకి పక్షవాతం వచ్చాక సూది పక్కన పెట్టేసింది. ఒకే వైపు పడుకుంటే వీపు పుండ్లు పడుతుందని డాక్టరు చెప్పాడు. అందుకని రెండు గంటలకోసారి తల్లిని పక్కకి తిప్పేది. పదకొండేళ్లు, పగలూ రాత్రీ అదే పని.

చుట్టాలంతా వెళ్లిపోయాక తల్లి బట్టలు సర్దుతుంటే అల్మరా అడుగున తమ్ముడు షాద్లీ చిన్నప్పటి వీడియోగేమ్ పెట్టె దొరికింది. లోపల ఒకే ఒక్క క్యాసెట్. టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చింది. భుజాల మీద గుడ్డ ఎగురుతూ, నీలి ముసుగు వేసుకున్న వీరుడొకడు ఎడమ నుంచి కుడికి నడుస్తూ పోతాడు. ఎదురొచ్చిన దుర్మార్గులనల్లా కొడతాడు. అంతే ఆట. వసీలా నేల మీద చాప వేసుకుని మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉంది. ఆ మర్నాడూ అక్కడే.

ఎదురింటి మహ్‌బూబా పిన్ని, చనిపోయినావిడకి చిన్ననాటి స్నేహితురాలు, బార్లీ చారు పట్టుకొచ్చి వెనకాల కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను.

“వాడెవడే, ఆ దుప్పటి కప్పుకున్నవాడు?”

“వీరుడు పిన్నీ. ఊరిని కాపాడతాడు.”

“ఊళ్లో జనం ఒక్కరూ కనబడరేం? వచ్చినవాళ్లందరినీ వీడే చితక్కొడుతుంటే ఇంక కాపాడేదెవర్ని?”

వీరుడు దారిలో ఉన్న పీపా ఒకటి పగలగొట్టాడు. అందులోంచి వేయించిన కోడి బయటపడింది. తీసుకుని తినేశాడు.

“ఛీ, పీపాలో కోడి ఎన్నాళ్లదో ఏమో. చేతులైనా కడుక్కోలేదు.”

“అది తింటే ప్రాణం వస్తుంది పిన్నీ.”

“వాడికి వస్తుంది. నిన్నట్నుంచి నువ్వేం తిన్నావు?”

వసీలా చారు నాలుగు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టింది. రుచి ఎలా ఉందని పిన్ని అడగలేదు.

ఆ వారంలోనే పిన్ని రెండో జాయ్‌స్టిక్ చేతికి తీసుకుంది. ఆవిడకి వచ్చింది ఒకటే బటన్, గెంతేది. ఆవిడ చేతిలోని ఎర్ర దుస్తుల వీరనారి తెరంతా కప్పలా గెంతుతూ, దొంగలను వదిలేసి నీలి ముసుగువాణ్ణే తన్నేది.

“అయ్యో, మళ్లీ నిన్నే తన్నానే తల్లీ.”

“పర్లేదు పిన్నీ. నాకేం తెలియట్లేదు.”

ఆ మాట ఆట గురించే అంది. అయినా పిన్ని నా వంక చూసింది.

ఆటని మధ్యలో ఆపే బటన్ ఒకటుంది. ఉన్నట్టుండి వసీలా అది నొక్కి, లేచి తల్లి గదిలోకి వెళ్లేది. పరుపు తీసేసిన మంచం ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చేది. నేను గోడ గడియారం చూశాను. సరిగ్గా రెండు గంటలకోసారి. ఆమె మాత్రం గడియారం చూడదు.

“ఎక్కడికెళ్లావు?” అని ఓసారి అడిగాను.

“ఎక్కడికీ లేదు” అంది.

తల్లి పోయిన నలభయ్యో రోజున షాద్లీ వచ్చాడు. గాఫ్సా ఊరి వైపు గూడ్సు రైలుబండి నడుపుతాడు. తల్లి మంచాన ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి వచ్చి, గంటసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు. ఆ మధ్యాహ్నం ఖురాన్ చదివించి, వచ్చినవాళ్లకి గోధుమరవ్వతో వండిన కుస్‌కుస్ పెట్టి పంపాక, అక్కాతమ్ముళ్లు చాప మీద పక్కపక్కన కూర్చున్నారు. పిన్నీ నేనూ గిన్నెలు సర్దుతున్నాం.

“చెయ్యి బాగానే తిరిగిందే నీకు” అన్నాడు షాద్లీ. “అప్పట్లో ఆటలో రెండో వీధి దాటేదానివి కాదు.”

“అప్పట్లో నువ్వు జాయ్‌స్టిక్ ఇస్తేగా.”

చాలాసేపు దొంగలను కొట్టారు. ఆఖరి మేడ పైకప్పు మీదికి చేరారు. అక్కడ ఇనుప చేతులవాడున్నాడు. చిన్నప్పుడు షాద్లీ వాణ్ణి ఎన్నడూ గెలవలేదట.

“అక్కా” అన్నాడు షాద్లీ తెర మీంచి చూపు తిప్పకుండా. “నేను రాలేదని నీకు కోపం ఉందా?”

“ఎడమవైపు చూసుకో.”

“అమ్మని అలా చూడలేకపోయానే. వచ్చి వెళ్లాక వారం రోజులు బండి నడుపుతుంటే పట్టాల మీద ఆ మంచమే కనబడేది. తిట్టు నన్ను. ఒక్క మాటైనా అను.”

“వెతికానురా” అంది వసీలా. “నీ మీద కోపం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. ఏడుపూ దొరకలేదు. ఉంటే ఇచ్చేదాన్నే.”

షాద్లీ చేతులు ఆగిపోయాయి. అతను ఆడిస్తున్న ఎర్ర దుస్తుల వీరనారి పైకప్పు మీంచి పడిపోయింది. వసీలా ఒక్కతే ఇంకొంతసేపు పోరాడింది. తర్వాత ఆమె వీరుడూ పడిపోయాడు. అక్కణ్ణించే మళ్లీ ఆడతారా అని తెర అడిగింది. అంకెలు తొమ్మిది నుంచి కిందికి దిగుతున్నాయి.

“నొక్కక్కా. వాడికి ఇంకో నాలుగు దెబ్బలే.”

ఆమె బొటనవేలు బటన్ మీదే ఉంది. అయిదు. నాలుగు. షాద్లీ చెయ్యి చాపాడు, కానీ నొక్కలేదు. మూడు. పిన్ని చేతిలో తుడుస్తున్న పళ్లెం అలాగే ఉండిపోయింది. సున్నా వచ్చింది. తెర నల్లబడి, ఆట మొదటి బొమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

“కుస్‌కుస్ మిగిలిందా పిన్నీ?” అని అడిగింది వసీలా.

మిగిలింది. చల్లారిందే తింది, పళ్లెం ఖాళీ చేసింది. అక్కడే చాప మీద ఒత్తిగిలి పడుకుంది. షాద్లీ తన కోటు ఆమె మీద కప్పి, సాయంత్రం బస్సు వదిలేసి, ఆ వారమంతా ఉండిపోయాడు. ఆ రోజు ఆమె అయిదు గంటలు కదలకుండా నిద్రపోయింది. మధ్యలో లేవలేదు.

ఎండాకాలంలో మా మేనకోడలి పెళ్లిబట్టలకి జరీ కుట్టమని నేను అడిగితే ఒప్పుకుంది. వేళ్లు మొద్దుబారి మొదటి పువ్వు రెండుసార్లు విప్పాల్సొచ్చింది. కుడుతున్నప్పుడు పక్కన కూర్చుని, ఇప్పుడెలా ఉందని అడిగాను.

“సూది గుచ్చుకుంటే నొప్పి తెలుస్తోంది” అంది. “మిగతాది ఇంకా రాలేదు.”

దారం కొరికి, దీపం దగ్గరగా జరుపుకుంది.