కరెంటు పోతే ఎంతసేపట్లో లేస్తుంది

గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఐదేళ్ళు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. రెండువేల దశకం చివరి ఏళ్ళవి. ఐదున్నరకు స్టాఫ్ బస్సు ఢిల్లీ వైపు వెళ్ళిపోయేది. నేను క్యాంపస్‌లోనే క్వార్టర్స్‌లో ఒక గదిలో ఉండేవాణ్ణి. మాది అనంతపురం జిల్లా. నా హిందీ పనికి సరిపోయేది, కబుర్లకు చాలేది కాదు. మెస్సులో ఎవరైనా జోకు వేస్తే అది నాకు అర్థమయ్యేసరికి అందరూ నవ్వడం అయిపోయి వేరే మాటల్లో పడేవాళ్ళు. చివరికి నేనొక్కణ్ణే నవ్వాల్సి వస్తుందని నవ్వడం మానేశాను.

కాలేజీకి ఒక మ్యూజిక్ బ్యాండ్ ఉండేది. ఐదుగురు విద్యార్థులు. వాళ్ళ కేబుళ్ళు తెగితే అతికి ఇచ్చేవాణ్ణి. అలా అతుకుతూ అతుకుతూ వాళ్ళ సౌండ్ చూసే పని కూడా నా నెత్తిన పడింది. నాకూ అది ఇష్టంగానే ఉండేది. ఆడిటోరియం వెనక చివరి వరసలో, మిక్సర్ ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అయినా అందరూ నా చేతిమీదే ఆధారపడి ఉంటారు. స్టేజీ మీంచి ఒకరు వేలు పైకి చూపిస్తే పెంచాలి, కిందికి చూపిస్తే తగ్గించాలి. రెండేళ్ళపాటు వాళ్ళతో నా సంభాషణ ఎక్కువగా ఆ వేళ్ళతోనే జరిగింది.

ఆ బ్యాండులో పాడే అమ్మాయి తెలుగమ్మాయి. వాళ్ళ నాన్న ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, విజయనగరం వైపు వాళ్ళు. ఇంటిపేరు చూసి గుర్తుపట్టి మొదటిరోజే సంతోషంగా, "తెలుగువాళ్ళా అమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి మొహమాటంగా నవ్వి, "హా సర్, మమ్మీ పాపా బోల్తే హై," అంది. అంటే అమ్మా నాన్నా మాట్లాడతారని. తను మాట్లాడదన్నమాట. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు తెలుగులో పలకరించాను. ప్రతిసారీ హిందీలోనే జవాబొచ్చింది. తెలుగంటే నామోషీ కాబోలు అనుకుని, నేనూ నా అతుకుల హిందీలోకి దిగిపోయాను.

మా పాత మిక్సర్‌లో సగం మీటలు తిప్పితే గరగరమనేవి. అంతకంటే పెద్ద ఇబ్బంది మానిటర్లతో వచ్చేది. స్టేజీ మీద వాయించేవాళ్ళ కాళ్ళ దగ్గర, వాళ్ళ పాట వాళ్ళకే వినపడడానికి పెట్టే స్పీకర్లు అవి. పాత మిక్సర్‌లో అందరికీ కలిపి ఒకటే మానిటర్ సౌండ్ పంపగలిగేవాణ్ణి. గిటార్ అతను తన గిటార్ పెంచమనేవాడు, పెంచితే ఆ అమ్మాయికి తన గొంతు తనకే వినపడేది కాదు. శ్రుతి తప్పితే తిట్లు తనకు పడేవి.

డీన్ గారు కొత్త డిజిటల్ మిక్సర్‌కు ఒప్పుకున్నాక, ఒక శనివారం నేనూ, గిటార్ అతనూ, ఆ అమ్మాయీ కలిసి ఎర్రకోట ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కు వెళ్ళాం. బస్సులో వాళ్ళిద్దరూ ఒక సీట్లో కూర్చుని దారిపొడవునా నవ్వుకుంటూనే ఉన్నారు. నేను వెనక సీట్లో కేటలాగులు తిరగేస్తూ కూర్చున్నాను.

షాపు యజమాని రెండు మిక్సర్లు బల్లమీద పెట్టించాడు. ఒకటి చిన్నది, మానిటర్లకు రెండే దారులు. రెండోది పెద్దది. ఆరుగురికి ఆరు రకాలుగా సౌండ్ పంపవచ్చు. ఒక మీట నొక్కితే, మనం దాచిపెట్టుకున్న అమరిక ప్రకారం జారుడు మీటలన్నీ వాటంతటవే కదిలి తమ చోట్లకు వెళ్ళి నిలబడతాయి. అది చూసి గిటార్ అతను చప్పట్లు కొట్టాడు.

నేను అడిగాను: "భయ్యా, లైట్ జాకే ఆయే తో కిత్‌నీ దేర్ మే చాలూ హోతా?" కరెంటు పోయి వస్తే ఎంతసేపట్లో లేస్తుంది అని.

యజమాని నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సౌండ్ పూఛియే సర్, లైట్ క్యోఁ పూఛ్ రహే హో?" సౌండ్ గురించి అడక్కుండా కరెంటు గురించి ఎందుకు అని.

మా దగ్గర రోజుకు నాలుగుసార్లు కరెంటు పోతుందని అతనికేం తెలుసు? జెనరేటర్ అందుకునేలోపు పాత మిక్సర్ ఊపిరి బిగపట్టి, కరెంటు రాగానే మళ్ళీ పాడేది. ఈ డిజిటల్‌వి కంప్యూటర్‌లాగే మొదట్నుంచి మేలుకోవాలి. నేను ఇంకేమీ అడగకుండా ప్లగ్గు పీకేశాను. యజమాని "అరే అరే!" అని అరిచాడు. మళ్ళీ పెట్టి లెక్కపెట్టాను. చిన్నది పన్నెండుకు లేచింది. పెద్దది నలభై దాటినా స్క్రీన్ మీద కంపెనీ బొమ్మ చూపిస్తూ కూర్చుంది.

"చిన్నదే మేలు," అన్నాను నాలో నేను, తెలుగులోనే.

ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి నెమ్మదిగా అంది: "సర్, ముఝే బస్ అప్‌నీ ఆవాజ్ సున్‌నీ హై."

నా గొంతు నాకు వినపడితే చాలు అంటోంది. నేనొక్క నిమిషం ఆలోచించి పెద్దదానివైపు చెయ్యి చూపించాను. కరెంటు సంగతికి ల్యాబులోంచి ఒక యూపీఎస్ తెచ్చి పెట్టుకోవచ్చులే అనుకున్నాను.

ఆ మిక్సర్ నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. సాయంత్రాలు ఖాళీ ఆడిటోరియంలో మాన్యువల్ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. అందరికీ ఎవరి సౌండ్ వాళ్ళకు అమర్చి, ఒక్కొక్కటీ పేర్లతో దాచిపెట్టాను. మొదటి రిహార్సల్‌లో ఆ అమ్మాయి రెండు చరణాలు పాడి ఆగి, స్టేజీ మీంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. నేను పెంచాలేమో అనుకుని పెంచాను. అప్పుడు తల అడ్డంగా ఊపి నవ్వింది. బాగుందని చెప్పడమట.

మార్చిలో మా ఆడిటోరియంలోనే కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. మా బ్యాండు వంతు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. కిటికీల్లేని ఆడిటోరియం. వాళ్ళు స్టేజీ ఎక్కి, ఇంకా మొదలుపెట్టకముందే కరెంటు పోయింది. కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి. విద్యార్థుల ఈలలు, కేకలు. జెనరేటర్ ఎందుకో అందుకోలేదు.

నా మిక్సర్ మాత్రం యూపీఎస్ మీద వెలుగుతూనే ఉంది. స్పీకర్లకు కరెంటు లేదు కాబట్టి హాల్లో ఎవరికీ ఏమీ వినపడదు. కానీ స్టేజీ మీది మైకులు పనిచేస్తూనే ఉన్నాయి. సౌండ్ చూపించే ఒక మీటర్‌లో పచ్చటి గీత సన్నగా లేస్తూ పడుతోంది. అది ఆ అమ్మాయి మైకు. వైరు ఏమైనా వదులైందేమోనని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఛానెల్ విన్నాను.

"ఏం నేదమ్మా, ఏం నేదు. ఇప్పుడొచ్చేస్తాది. భయపడకమ్మా, నానున్నాను కదా."

ఎవరితోనో కాదు. తనకు తానే, మైకును పెదాలకు ఆనించుకుని, గుసగుసగా చెప్పుకుంటోంది. చిన్నప్పుడు చీకట్లో ఏడిస్తే ఏ అమ్మమ్మో నానమ్మో అన్న మాటలై ఉండాలి. మా ఊరి యాస కాదు, మా వైపు ఎవరూ అలా అనరు. అయినా నా చెవి పక్కనే కూర్చుని నన్నే ఓదారుస్తున్నట్టు వినపడింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తప్ప తెలుగు మాట వినని రోజులవి. పక్క సీట్లలో ఇంకో కాలేజీ కుర్రాళ్ళు మొబైల్ వెలుతురులో నవ్వుకుంటున్నారు. నేను ఎవరికీ కనపడకుండా తల వంచుకున్నాను.

అప్పుడు గిటార్ అతని గొంతు దూరంగా వినపడింది: "క్యా బోల్ రహీ హై?" ఏమంటున్నావని.

"కుఛ్ నహీ," ఏం లేదు, అంది ఆ అమ్మాయి.

అక్కడితో నాకు సిగ్గేసింది. నావి కాని మాటలు వింటున్నానని అప్పటికిగానీ తట్టలేదు. హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టేశాను. ఇంకో రెండు నిమిషాలకు జెనరేటర్ లేచింది. వాళ్ళు పాడారు. ఆ అమ్మాయి ఎక్కడా శ్రుతి తప్పలేదు. రెండో బహుమతి వచ్చింది. ఫొటో తీసేటప్పుడు "సర్ కో భీ బులావో," అని ఎవరో నన్నూ పిలవమన్నారు. నేను కేబుళ్ళు చుడుతున్నానని చెయ్యి ఊపాను.

విన్న సంగతి ఆ అమ్మాయితో చెప్పలేదు. ఎలా చెప్తాను? నామోషీ అనుకున్నది మాత్రం పొరపాటని తెలిసింది. తనకున్న తెలుగు చాలా కొద్దిగా, ఎంతో లోపల ఉంది. ఎదుటివాళ్ళతో మాట్లాడడానికి పనికొచ్చే తెలుగు కాదది. నా హిందీ కూడా అంతే కదా, ఇంకో వైపునుంచి. అప్పట్నుంచి తనతో హిందీలో మాట్లాడడానికి నాకు చిన్నతనం అనిపించలేదు.

మే నెలలో చివరి ఏడాది పిల్లలు ప్రతి ల్యాబుకూ వచ్చి, వస్తువులన్నీ తిరిగి అప్పగించామని సంతకాలు పెట్టించుకుంటారు. ఆ అమ్మాయి పదకొండు గంటలకు వచ్చింది. కాగితం తీసుకుని సంతకం పెడుతుంటే వెళ్ళకుండా అక్కడే నిలబడింది. స్కూల్లో పాఠం అప్పజెప్పేదానిలా చేతులు కట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అడిగింది:

"సర్... మీరు... అన్నం తిన్నారా?"

నేను తలెత్తి చూశాను. చెవులదాకా ఎర్రబడి ఉంది. ఆ పూట నేనింకా టీ కూడా తాగలేదు.

"తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?"

"తిన్నాను," అని కాగితం అందుకుని పక్క ల్యాబుకు వెళ్ళిపోయింది. వరసలో తర్వాతి విద్యార్థి తన కాగితం నా ముందు పెట్టాడు.