పాట అయిపోయాక మూడు దెబ్బలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. పగలు మంచిర్యాలలో వాషింగ్ మెషీన్లు రిపేరు చేసుకుని బతికే మనిషిని. మెషీను దానంతట అదే తిరుగుతోంది, ఏదో పట్టింది అని వణికిపోతూ ఫోన్ చేసిన ఇంటికి కూడా వెళ్ళొచ్చాను. బోర్డులో బల్లి చచ్చిపడి ఉంది. అంతే.

చప్పుడంటూ ఉంటే దానికో కారణం ఉంటుంది, స్క్రూలు విప్పితే దొరుకుతుంది. నా అన్నం ఆ నమ్మకం మీదే ఉడుకుతుంది. అలాంటి నాకు ఒక చప్పుడుకి మాత్రం ఇప్పటికీ కారణం దొరకలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేం బాధ లేదు.

సాయంత్రాలు నేను డ్రమ్స్ వాయిస్తాను. మా బ్యాండ్ పేరు ‘మూడో షిఫ్ట్’. ముగ్గురం. గిటారూ పాటా వేణువి, సిరిసిల్లలో మరమగ్గాల పక్కన పుట్టి పెరిగాడు. బేస్ గిటార్ తిరుపతిది, ఇచ్చోడ దగ్గర పత్తి రైతు కొడుకు. నాది బొగ్గు గనుల బెల్లంపల్లి. మేం వాయించేదాన్ని త్రాష్ మెటల్ అంటారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, వందమంది ఒకేసారి కోపమొచ్చి పరిగెత్తినట్టుంటుంది. మగ్గాల మోతలో నిద్రపోయిన వేణుకి మాత్రం అది జోలపాట.

ఈ పిచ్చి మాకు అంటించింది ఇంగ్లాండులోని ఒక బ్యాండ్. వాళ్ళని అడక్కుండా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పను. వాళ్ళదీ బొగ్గు ఊరే. నలుగురు కుర్రాళ్ళు ఒక కార్ల షెడ్డులో మొదలుపెట్టారు. రెండో ఆల్బమ్‌తో పేరొచ్చింది, దేశాలన్నీ తిరిగారు. తర్వాత వాళ్ళ ఊళ్ళో గనులు మూతబడ్డాయి. ఆ రకం పాటల మోజు తగ్గింది. రికార్డు కంపెనీ చేతులెత్తేసింది, పాడేవాడు పోట్లాడి వెళ్ళిపోయాడు. డ్రమ్మరైతే ఏళ్ళ తరబడి లారీ నడిపాడు. జుట్టు నెరిసాక మళ్ళీ కలిసి, అద్దె వ్యానులో చిన్న చిన్న ఊళ్ళు తిరుగుతూ మొదటినుంచీ మొదలుపెట్టారు.

వాళ్ళ ఇంటర్వ్యూ ఒకటి ముగ్గురం కలిసి చూశాం. తిరుపతి కళ్ళు తుడుచుకుని, “గీళ్ళు మనోళ్ళేరా” అన్నాడు.

మా కథ అంత పెద్దది కాదు గానీ, తిప్పలకేం తక్కువ లేదు. గణపతి మండపం దగ్గర వాయించమని పిలిచినవాళ్ళు రెండో పాటకే కరెంటు తీసేశారు. పులిహోర మాత్రం పెట్టి పంపించారు, పాపం. మోత భరించలేక నాలుగు ఇళ్ళవాళ్ళు మమ్మల్ని ఖాళీ చేయించారు. కరీంనగర్‌లో ఒక కాలేజీ పండుగలో వాయించిన వీడియో జనంలోకి వెళ్ళింది, దాంతో హైదరాబాద్‌లో రెండుసార్లు స్టేజీ ఎక్కాం. అక్కడితో ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు గడిచాయి.

అలాంటి సమయంలో ఆ ఇంగ్లాండు బ్యాండ్ హైదరాబాద్ వస్తోందన్న కబురు తెలిసింది. వాళ్ళకంటే ముందు వాయించడానికి మన దగ్గరి బ్యాండ్ ఒకదాన్ని తీసుకుంటారట. కొత్త పాట ఒకటి రికార్డు చేసి ఆదివారం సాయంత్రం ఆరులోపు పంపాలి. వాళ్ళే విని ఎంచుకుంటారు.

వేణు ఒక్కటే మాట అన్నాడు. “గిది కాకుంటే నేను మస్కట్ పోత. వీసా అచ్చి ఉన్నది. ఇగ నన్ను పిలువకుండ్రి.”

వాణ్ణి తప్పుపట్టలేం. వాళ్ళ నాన్న చూపు తగ్గి మగ్గం దిగేశాడు. వాడు పోతే బ్యాండ్ లేదు. బ్యాండ్ లేకపోతే నా బతుకులో వాషింగ్ మెషీన్లు తప్ప ఏమీ మిగలవు. ఇందులో దాచేదేముంది, నాకు భయమేసింది.

ఇక ఆ గది సంగతి చెప్పాలి. ఊరి చివర ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ముందు గది స్లాబు. వెనక గది పెంకులది, పెంకుల కింద చెక్కల అటక. మేం వాయించేది వెనక గదిలో, లాప్‌టాప్ పెట్టుకునేది ముందు గదిలో, మధ్యలో కేబుళ్ళు.

దిగిన రోజున మా బాపు, అంటే మా నాన్న, వచ్చి చూశాడు. ముప్ఫై అయిదేళ్ళు గనిలో పనిచేశాడు బాపు. పైకప్పు కింద కర్రలు నిలబెట్టే పని. ఆ పనిలో చెవులే దిక్కు. లోపలికి అడుగు పెట్టేముందు ఇనుప కడ్డీతో పైనున్న బండని మూడుసార్లు కొట్టి వింటారు. కంగుమంటే గట్టిది. బొద్దుమంటే లోపల డొల్ల, ఎప్పుడైనా మీద పడొచ్చు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరింటికి వెళ్ళినా చేతికర్రతో గోడో దూలమో తట్టిగానీ కూర్చోడు. పెళ్ళిచూపుల్లో కూడా తట్టి అక్క పరువు తీశాడు.

నా చిన్నప్పుడు నాతో కూడా తట్టించి, కళ్ళు మూసుకుని వినమనేవాడు. “డొల్ల చప్పుడైతే మీదికి చూసుడు లేదు, మాట్లాడుడు లేదు. నడుసుడే” అనేవాడు. నా చేతికి మొదటి దరువు నేర్పింది అదే.

ఆ రోజు వెనక గది దూలాలన్నీ తట్టి, “గట్టిగనే ఉన్నది. కొట్టుకోండ్రి” అన్నాడు బాపు.

తెలివితక్కువ పని మేం ఆ తర్వాత చేశాం. మోత బయటికి పోకుండా ఏదైనా అడ్డం పెట్టాలి. తిరుపతి వాళ్ళింట్లో వానకు తడిసి రంగు మారిన పత్తి ఉంది, కొనేవాడు లేడు. దాన్ని ఇరవై రెండు సంచుల్లో కుక్కి తెచ్చి అటక మీద పరిచాం. అబ్బ, మోత ఎంత తగ్గిందో! పక్కింటామె పిలిచి చాయ్ కూడా పోసింది. అదంతా ఎండాకాలం. వానాకాలం వచ్చింది, పెంకులు అక్కడక్కడా కారాయి. చుక్క నీళ్ళు కింద పడలేదు కాబట్టి మేం సంతోషించాం. ఆ నీళ్ళన్నీ పైనున్న పత్తి తాగుతోందని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. పత్తి రైతు కొడుక్కి కూడా!

శనివారం అక్క కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. బాపుకి పిత్తాశయంలో రాళ్ళున్నాయి, సోమవారం ఆపరేషన్ అనుకున్నాం. అది ఆదివారానికి మారిందట. పాట పంపాల్సింది కూడా ఆదివారమే అని నసిగాను.

“బాపు కడుపు కోస్తుండ్రురా! నీకు గా డబ్బాలే ఎక్కువైనయా?” అంది అక్క. కోపంలో న్యాయం ఉంది.  అంతలో బాపు ఫోన్ లాక్కున్నట్టున్నాడు.

“దాని మాటలకేం గానీ, నాకేమైతది? చిన్న ఆపరేషనే. నువ్వు కొట్టుకో బిడ్డా. ఆగం గాకు.”

ఫోన్ పెట్టేశాక ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అయినా వెళ్ళలేదు. అది నిజం.

ఆదివారం మధ్యాహ్నం. వారం రోజుల ముసురు అప్పుడే ఆగింది. ఫోన్లు మూడూ చప్పుడు రాకుండా చేసి ముందు గదిలో పెట్టాం. పొద్దుటి నుంచి పద్నాలుగుసార్లు వాయించినా ఎక్కడో ఒకచోట తప్పుతూనే ఉంది. పదిహేనోసారి ఎలా కుదిరిందో కుదిరింది. ఎనిమిదేళ్ళలో అంత బాగా మేం ఎప్పుడూ వాయించలేదు.

రికార్డు చేసేటప్పుడు ఒక పద్ధతి ఉంటుంది. చివరి దెబ్బ కొట్టాక ఎవరూ కదలకూడదు. తాళం మోత పూర్తిగా చల్లారేదాకా, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టి ఉండాలి. లేకపోతే ఆ చప్పుళ్ళన్నీ పాటలో పడతాయి. వేణు పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. తిరుపతి కళ్ళు మూసుకున్నాడు. నేను పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు నా హెడ్‌ఫోన్‌లో వినిపించింది.

కంగ్. కంగ్. బొద్.

ఇనుముతో బండని కొట్టిన చప్పుడు. పైనుంచి. మూడు దెబ్బలకీ మధ్య ఎడం సరిగ్గా సమానం. మూడోది డొల్ల.

నేను ఆలోచించానని చెప్తే అబద్ధం. నా కాళ్ళు లేచాయి. పైకి చూడలేదు, ఒక్క మాట అనలేదు, నడిచాను. తిరుపతి నా మొహం చూసి ఏమనుకున్నాడో ఏమో, వెనకే వచ్చాడు. వేణు కదలకపోతే వాడి గిటారుకున్న కేబుల్ పట్టుకుని గొడ్డుని లాగినట్టు లాగాను. గిటారు మెడలోనే ఉంది, వాడూ వచ్చాడు.

వాకిట్లోకి రాగానే వేణు నా మీద పడ్డాడు. “పిచ్చి లేసిందారా నీకు? గసొంటి టేకు మళ్ళ అస్తదా? ఆఖరుకు ఖరాబ్ జేస్తివి!”

“పైన చప్పుడైంది” అన్నాను.

“నాకేం ఇనవడలే!”

తిరుపతి మాత్రం, “నాకు ఇనవడ్డది. ఎవడన్న రాయి ఇసిరిండా?” అంటూ ఇంటి చుట్టూ తిరిగి చూసొచ్చాడు. ఎవరూ లేరు. పెంకుల మీద ఎవరూ లేరు. ఎండ వచ్చింది. అలా నిలబడితే నా మీద నాకే చిరాకేసింది. కారణం లేని చప్పుడుకి పరిగెత్తే మనిషినా నేను?

“ఇంకొకటి కొడదాం పాండ్రి, టైం ఉన్నది” అని వేణు గుమ్మంలో కాలు పెట్టాడు.

“ఒక్క నిమిషం ఆగురా, నీ కాళ్ళు మొక్కుత” అన్నాను. నేను అలాంటి మాట అనేవాణ్ణి కాదు. అందుకే వాడు ఆగి నావైపు చూశాడు.

వెనక గది కప్పు కూలింది. పెద్ద మోతేం రాలేదు. దూలం విరిగిన చప్పుడు ఒకటి, తర్వాత తడిసిన పత్తి సంచులన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు. పెంకులు పగిలాయి. దుమ్ము కూడా లేవలేదు, అంతా తడే. నా డ్రమ్స్ ఉన్నచోట మనిషెత్తు పత్తి ఉంది. తర్వాత పత్తి తీసి చూస్తే, నేను కూర్చునే స్టూలు నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి వంగిపోయి ఉన్నాయి.

 వేణు గిటారుతో సహా నన్ను వాటేసుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తిరుపతి నవ్వుతూనే ఉన్నాడు, ఆపుకోలేకపోయాడు. బతికామన్న సంతోషం అలా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

స్లాబు గది చెక్కుచెదరలేదు. లాప్‌టాప్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. నా ఫోన్‌లో అక్క మిస్డ్ కాల్ ఉంది, మూడు గంటల పదకొండు నిమిషాలకి.

వెంటనే తిరిగి ఫోన్ చేశాను.

“ఆపరేషన్ మంచిగైందిరా, ఫికర్ చెయ్యకు” అంది అక్క.  “మత్తు సగం దిగంగనే బాపు పరేషాన్ చేసిండు. చేతి కడియంతోని మంచం కమ్మిని కొడుతుండు. మూడు దెబ్బలు కొడుతుండు, ఆగుతుండు. పోరగాండ్లు లోపల ఉన్నరు, బయటికి తియ్యుండ్రి అంటుండు. నర్సు చెయ్యి పట్టుకుంటె గింజుకున్నడు. అందుకే నీకు చేసిన. ఇప్పుడు మంచిగ పండుకున్నడు.”

రికార్డింగ్ మొదలైన టైము లాప్‌టాప్‌లో ఉంది. లెక్క చూసుకున్నాను. ఆ మూడు దెబ్బలు పడింది మూడూ పదికి, కొన్ని సెకన్లు అటూ ఇటూ.

మళ్ళీ వాయించడానికి డ్రమ్సే లేవు కదా. ఆ పదిహేనో టేకునే పంపాలి. చివర్లో దెబ్బలు కత్తిరిద్దామని కూర్చున్న వేణు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. అప్పుడు గదిలో వాడికి వినపడని చప్పుడు ఇప్పుడు స్పష్టంగా వినపడింది.  “ఉండనీయిరా. గిది తీసేసుడు నాతోని కాదు” అన్నాడు. అలాగే పంపేశాం.

పది రోజులకి జవాబొచ్చింది. మమ్మల్నే ఎంచుకున్నారు. వేణు ఆ జవాబు వాళ్ళ నాన్నకి పైకి చదివి వినిపించి, మస్కట్ ఏజెంటుకి ఫోన్ చేసి రానన్నాడు.

హైదరాబాద్‌లో స్టేజీ దిగాక ఆ ఇంగ్లాండు డ్రమ్మర్, ఆ లారీ నడిపిన పెద్దాయన, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన యాస నాకు సగమే అర్థమైంది. మీ పాట చివర కప్పుని తట్టి చూస్తున్న మనిషెవరు అని అడిగాడు. నేను అర్థం కానట్టు మొహం పెడితే, బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. మూడు దెబ్బలు, మూడోది అరచేత్తో. వాళ్ళ నాన్న గనిలో అలాగే కొట్టేవాడట.

మా బాపు అని చెప్పాను. అప్పుడు మీ నాన్న ఆ గదిలో ఉన్నాడా అని అడిగితే, లేడు, దూరంగా ఆసుపత్రిలో ఉన్నాడన్నాను.  ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కూలబోయే దూలం ముందే చిట్లుతుంది, ఆ చప్పుడే అయ్యుంటుందని ఎందరో చెప్పారు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ కర్ర చిట్లితే కర్ర చప్పుడే వస్తుంది. ఆ రికార్డింగ్ వందసార్లు విన్నాను. అది ఇనుము, బండ. ఆ ఇంట్లో బండ లేదు. పోనీ దయ్యమందామంటే, బాపు నిక్షేపంలా బతికే ఉన్నాడు. పూట పూటకీ పథ్యం మీద అక్కతో పోట్లాడుతున్నాడు. నేనే అడిగాను ఒకరోజు. “మత్తుల ఉన్నోన్ని, నాకేం యాదుంటది? పత్తి మీదికెందుకు ఎక్కిచ్చిండ్రు, సిగ్గు లేదా?” అని తిట్టాడు. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో.

ఇప్పుడు స్లాబు ఇంట్లో ఉంటున్నాం. బాపే వచ్చి కర్రతో నాలుగు మూలలూ తట్టి, కొట్టుకోండ్రి అన్నాకే డ్రమ్స్ లోపల పెట్టాను. రికార్డు చేసిన ప్రతిసారీ చివరి దెబ్బ తర్వాత ముగ్గురం బిగుసుకుని నిలబడతాం. ఒకటి, రెండు, మూడు… పది. ఏ చప్పుడూ ఉండదు. అప్పుడు ముగ్గురం ఒకేసారి ఊపిరి వదులుతాం.