శుక్రవారం రాహుకాలం, మా అత్తమ్మ జీఎస్టీ

ఆ రోజుల్లో, మూతికి మాస్కు లేనిదే గడప దాటని ఆ కరోనా రోజుల్లో, సూరత్‌లో నాకంటే తెలివైనవాడు లేడని నా గట్టి నమ్మకం. (బీకామ్ పట్టా అప్పుడే చేతికొచ్చింది మరి.) మా అత్తమ్మ పేరు మీద చిన్న మగ్గాల కార్ఖానా ఉండేది. మామ కరోనాతో మంచాన పడ్డ నెలల్లో జీఎస్టీ రిటర్నులు ఆగిపోయి, నంబరు రద్దు చేస్తామని నోటీసు వచ్చింది. నంబరు పోతే రింగ్ రోడ్ బట్టల బజారులో ఏ సేఠూ మా బట్ట ముట్టడు. మగ్గాలు మూసుకోవాల్సిందే.

ఒక శుక్రవారం పొద్దున రిటర్నులన్నీ సిద్ధం చేశాను. ఓటీపీ వచ్చేది అత్తమ్మ ఫోన్‌కు. ఆవిడేమో ఆ ఫోన్‌ను కొంగున కట్టుకుని కూర్చుంది.

"రాహుకాలం నడుస్తుంది బిడ్డా, జర ఆగు. కొత్త పడుగు గూడ ఎక్కియ్యం గిప్పుడు."

పళ్లు నూరుకుంటూ ఆగాను. రాహుకాలం పోయాక లాప్‌టాప్‌కు బొట్టు పెట్టి మరీ ఓటీపీ చెప్పింది. రిటర్నులు దాఖలయ్యాయి. సాయంత్రం చాయ్ తాగుతుంటే నంబరు రద్దయిందని మెసేజ్ వచ్చింది.

రిటర్నులు ముందు పడితే రద్దు చెల్లదు. కానీ రిటర్నుల రసీదు మీదా రద్దు ఉత్తర్వు మీదా ఒకటే తేదీ, టైము లేదు. రద్దు ఉత్తర్వే ముందు వెళ్లిందని ఆఫీసువాళ్లు, రిటర్నులే ముందని మేము. హైకోర్టుకెక్కాం. కరోనా కదా, విచారణ ఫోన్‌లో వీడియో మీదే. అత్తమ్మ మగ్గాలు ఆపించి, పట్టుచీర కట్టుకుని కూర్చుంది. అన్నీ సిద్ధంగా ఉంటే పొద్దున్నే ఎందుకు వేయలేదని జడ్జిగారు అడిగారు. నెట్‌వర్క్ లేదన్నాడు మా వకీలు. అత్తమ్మ నా చేతిలోని ఫోన్ లాక్కుంది.

"నెట్‌వర్క్ అచ్ఛా థా సాబ్. రాహుకాలం థా. ఓ జానే కే బాద్ డాలే." అని, నెట్‌వర్క్ బాగానే ఉందని, రాహుకాలం పోయాకే వేశామని జడ్జిగారికే చెప్పేసి, నావైపు తిరిగి, "గట్ల అబద్ధమెందుకు చెప్తుండురా గాయన?" అంది. (మైకు ఆన్‌లోనే ఉంది.)

మా పని అయిపోయిందనుకున్నాను. కానీ సర్కారు వకీలు ముసిముసిగా నవ్వి, తమ గుజరాతీ ఇళ్లలోనూ చోఘడియా అని మంచి గడియ చూసుకోనిదే మంచి పని మొదలుపెట్టరన్నాడు. జడ్జిగారూ నవ్వారు. అబద్ధమే చెప్పదలిస్తే నెట్‌వర్క్ చాలు కదా, ఈవిడ రాహుకాలం దాకా ఎందుకు వెళుతుందని అడిగి, ఉత్తర్వు ఏ వేళకు వెళ్లిందో కనుక్కు రమ్మని సర్కారు వకీలుకు చెప్పారు. తరువాతి వాయిదాలో తేలింది, సాయంత్రమేనని. నంబరు తిరిగొచ్చింది. కోర్టంటే భయం లేని మనిషిని నేను చూసింది అదే మొదలు. మా అత్తమ్మంటే నాకెంత గర్వమో చెప్పలేను.

ఇప్పుడు సూరత్‌లోనే, అడాజన్‌లో, పన్ను రిటర్నులు వేసే సొంత ఆఫీసుంది నాకు. రాహుకాలం మీద నాకు నమ్మకం లేదు. అయినా శుక్రవారం పొద్దున రిటర్ను సిద్ధమైతే బటన్ నొక్కకుండా లేచి చాయ్‌కి వెళతాను. ఎందుకాగారని గుమస్తా అడుగుతాడు.

నెట్‌వర్క్ బాగా లేదంటాను. అత్తమ్మకున్న ధైర్యం నాకింకా రాలేదు.