శనివారాల్లో వెలిగిన గ్రహం

బేతంచెర్లకు కొత్తగా వచ్చినవాళ్లు మా దుమ్ముకు రంగు లేదనుకుంటారు. ఉంది. తడిగా ఉన్నంతసేపు బూడిద రంగు, ఆరితే తెలుపు. బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల నుంచి బురదై కారుతుంది, రోడ్డు మీద ఆరుతుంది, లారీ చక్రాల కింద లేచి మన అన్నంలో వచ్చి కూర్చుంటుంది. డెబ్బై రెండేళ్లుగా పళ్ల కింద దాన్ని నములుతున్నాను. అయినా అసహ్యం పోలేదు. పోకూడదనే నా పట్టుదల.

ఈ దుమ్ములో పుట్టిన స్తుతి గురించి రాయాలని కూర్చున్నాను. స్తుతి నా కొడుకు లేవి కూతురు. పేపరులో దాని గురించి ఆరు వాక్యాలు వేశారు, అందులో నాలుగు తప్పు. నేను చదివింది మూడో తరగతే. అయినా బైబిలును మొదటి నుంచి చివరి దాకా నాలుగుసార్లు చదివినదాన్ని. ఆరు వాక్యాలు సరిగ్గా రాయలేనా?

లేవి ఫ్యాక్టరీలో పాలిష్ మిషను దగ్గర పని చేస్తాడు. స్తుతికి ఏడెనిమిదేళ్లప్పుడు వాడికి అన్నం క్యారియరు అదే తీసుకుపోయేది. పోయిన పిల్ల రెండు గంటలైనా తిరిగి వచ్చేది కాదు. ఒకరోజు నేనే వెళ్లి చూస్తే, ఒక బండ ముందు గొంతుకూర్చుని ఉంది.

"ఏంమే చేస్తాండావు ఈడ?"

"తడి ఆరేది చూస్తాండా అవ్వా. ఇందాక నల్లగా ఉండె. ఇప్పుడు అంచుల్లో తెల్లబడతాండాది."

వీపున ఒకటి వేసి లాక్కొచ్చాను. తెల్లబడటం, నల్లబడటం చూడటమే దాని బతుకు అవుతుందని నాకేం తెలుసు.

కర్నూలులో ఒక కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివింది. తర్వాత ఇక్కడే ఒక ప్రైవేటు బళ్లో టీచరుగా చేరింది. పేరుకు సైన్సు టీచరు, సాయంత్రమైతే బస్సు దగ్గర నిలబడి ముక్కు కారే పిల్లల్ని ఎక్కించే పని. ఆ బడి గోడలకు ఏటా రంగు వేస్తారు, మరుగుదొడ్డిలో మాత్రం నీళ్లుండవు. రెండేళ్లుగా భరిస్తోంది.

అప్పుడు కాలేజీలో దానికి పాఠం చెప్పిన భూపేష్ సారు ఒక పని అప్పజెప్పాడు. అంగారకుడికీ గురుడికీ మధ్యలో సెరెస్ అని ఒక మరుగుజ్జు గ్రహం ఉందట. దాని మీద ఉప్పు పేరుకున్న తెల్లటి మచ్చలున్నాయట. ఆ తెలుపు హెచ్చుతుందా, తగ్గుతుందా అని రోజూ ఫొటో తీసి కొలవాలి. కాలేజీ బీరువాలో పడి ఉన్న టెలిస్కోపును, దానికి బిగించే కెమెరాను జీపులో వేసుకుని ఆయనే తెచ్చాడు. నవ్వితే చిగుళ్లన్నీ బయటికి వచ్చే మనిషి. మంచినీళ్లు ఇచ్చాను. జేబులోంచి చేతిరుమాలు తీసి, మా గ్లాసు అంచు చుట్టూ తుడిచి తాగాడు. ఆ గ్లాసు అద్దంలా మెరుస్తోంది. చర్చిలో ప్రభు బల్లకు ద్రాక్షరసం పోసే గ్లాసులు నలభై ఏళ్లుగా తుడిచేది నేనే. ఆయన ఏం తుడిచాడో నాకు తెలుసు. లేవికీ తెలుసు. వాడు తల తిప్పుకున్నాడు.

పని పద్ధతి స్తుతి మాకు విడమరచి చెప్పింది. ఫొటో మధ్యలో గ్రహాన్ని పెట్టాలి. అంచుల్లో కొన్ని చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెలుగు మారదు కాబట్టి, వాటితో పోల్చితే గ్రహం వెలుగు మారిందో లేదో తెలుస్తుంది.

"మా ఫ్యాక్టరీలోనూ అంతే కదా. నమూనా బండ పక్కన పెట్టి కొత్త బండ తెలుపు చూస్తాము," అన్నాడు లేవి.

డిసెంబరు రెండో సోమవారం కర్నూలులో సభ. పెద్ద పెద్ద కాలేజీలవాళ్లు వస్తారు. అక్కడ స్తుతి చెప్పింది నచ్చితే హైదరాబాదు మేడం ఒకావిడ దగ్గర పరిశోధన సీటు వస్తుంది. రాకపోతే మళ్లీ ఆ బడి బస్సే.

సెప్టెంబరు ఆఖరులో మొదలుపెట్టింది. రాత్రంతా మిద్దె మీద, పొద్దున బళ్లో. తెల్లవారుజామున కెమెరా ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టి పడుకునేది. ఆ కెమెరా ముందు రూపాయి బిళ్లంత అద్దం. దాని మూత ఎప్పుడో పోయిందని సారు మూత లేకుండానే ఇచ్చాడు. "దాన్ని మాత్రం తాకొద్దు అవ్వా" అని స్తుతి మొదటి రోజే చెప్పింది.

నవంబరు చివరికి స్తుతి ముఖం మారింది. గ్రహం తెలుపు నిజంగానే మారుతోందట, అదీ సరిగ్గా ఏడు రోజులకొకసారి. భూపేష్ సారు ఆగలేదు. పేపరు వాళ్లకు చెప్పేశాడు. 'కర్నూలు అధ్యాపకుడి ఘనత' అని వేశారు, స్తుతి పేరు ఐదో వాక్యంలో, తప్పుగా. పేపరు చూసి మా చర్చి అయ్యగారు ఆదివారం ప్రసంగంలో ఆకాశంలోని గోళాలు కూడా వారాన్ని ఆచరిస్తున్నాయని బల్ల గుద్ది చెప్పారు. పక్కన కూర్చున్న గిడ్డమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "మీ పిల్ల దేవుని పని కనిపెట్టిందంట కదా" అంది. వంద మంది నా వైపు తిరిగి నవ్వారు. గర్వపడ్డాను, దాచడం ఎందుకు.

సభకు ముందు శనివారం. మాది ఆదివారానికి శనివారమే అంతా సిద్ధం చేసుకునే ఇల్లు. చర్చికి కట్టే తెల్లచీరలు ఉతకాలి, బైబిలు అట్టలు, కళ్లజోళ్లు, కిటికీలు తుడవాలి. లేవి పాత బనీను ముక్క చేతిలో పట్టుకుని నేను మొదలుపెట్టబోతుంటే స్తుతి లాప్‌టాప్ తెచ్చింది.

"అవ్వా, సోమవారం చూపించేది ఇదే. నువ్వే ముందు సూడు."

"ఏందిమే ఇది, దువ్వెన పండ్ల మాదిరి?"

"తెలుపు అవ్వా. శనివారం రాత్రి శానా ఎక్కువుంటాది. ఆన్నుంచి రోజూ రోంత తగ్గుతాది. శుక్రవారానికి మసక. మళ్ల శనివారం పైకి."

"ఎంత దూరంలో ఉండాది ఆ గ్రహం?"

"కోట్ల మైళ్లు."

"అంత దూరంలో ఉండేదానికి మన బేతంచెర్ల శనివారం ఎట్ల తెలుసు?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాకూ అదే ఒంటబట్టల్యా. సార్ని అడిగితే, లోపల్నుంచి వారానికొకసారి ఉప్పునీళ్లు ఉబుకుతాయేమో, నీకెందుకు అన్యాడు."

నా చేతిలో బనీను ముక్క ఉంది. బల్ల మీద కెమెరా ఉంది. ఆ అద్దం మీద వారం రోజుల దుమ్ము పేరుకుని, చెమట వేలిముద్రలతో జిడ్డు కట్టి ఉంటే నేను చూడలేకపోయాను. అది వచ్చిన మొదటి వారం నుంచీ, స్తుతి నిద్రలో ఉండగా, కళ్లజోళ్లతో పాటు దాన్నీ తుడుస్తూనే ఉన్నాను. నా చేతి శుభ్రానికి నలభై ఏళ్లలో ఎవరూ వంక పెట్టలేదు. ఒక పిల్ల వద్దంటే ఆగుతానా?

చెప్పకుండా ఊరుకోవచ్చు. సోమవారం దాటితే సీటు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే నా మీద నాకు రోత పుట్టింది.

"స్తుతీ, ఆ అద్దాన్ని నేను తుడుస్తాండా."

"ఎప్పుడు?"

"శనివారం శనివారం."

లాప్‌టాప్ మూసేసింది. తర్వాత, "తాకొద్దని సెప్పినా కదా," అంది.

"సెప్పినావు. దాన్ని చూస్తే డోకొస్తాండె."

తిట్టి ఉంటే బాగుండేది. "ఎట్ల తుడుస్తావు, చూపించు" అంది. గుడ్డను బొటనవేలికి చుట్టి, గాలిలో మూడుసార్లు తిప్పి చూపించాను. అది నా వేలినే చూస్తోంది. లావు వేలు. అద్దం చుట్టూ ఇనుప అంచు. ఆ అంచు సందులోకి నా వేలు దూరదు.

"మధ్యలో ఒక్కటే శుభ్రం అవుతాది. గ్రహం ఉండేది మధ్యలో. చుక్కలుండే అంచుల్లో దుమ్ము అట్లే ఉండాది," అంది మెల్లగా, నాతో కాదు, తనతోనే.

దండెం మీద నా తెల్లచీర ఆరుతోంది. టెలిస్కోపుకు కెమెరా బిగించి చీరను ఫొటో తీసింది. తర్వాత నాతో ఎప్పటిలాగే తుడిపించి మళ్లీ తీసింది. రెండో ఫొటోలో మధ్యన గుండ్రంగా తెల్లటి మచ్చ, చుట్టూ మసక. పది వారాలుగా వెలిగింది నా బొటనవేలు.

"రోజూ సాయంత్రం ఇట్ల తెల్లగుడ్డను తీసి సరిచూసుకోవాల అవ్వా. మొదట్లో ఒక్కసారి తీస్తే సాలు, టైం లేదు అన్యాడు సారు. ఇనకుండా ఉండాల్సింది."

ఆయనకు ఫోను చేసింది. ఫోను బల్ల మీద పెట్టి మాట్లాడింది, నేనూ విన్నాను.

"ఇంట్లో ముసలామె గుడ్డతో తుడిచిందని సభలో చెబుతావా? పరువు పోతుంది. ఏడు రోజుల మాట తీసెయ్, మార్పు ఉందని మాత్రం చెప్పు. మీ బేతంచెర్లకు వచ్చి ఎవడు చూస్తాడు?"

"అది అబద్ధం కదా సార్."

"సీటు కావాలా వద్దా?"

స్తుతి ఫోను కట్టేసింది. నేను వెళ్లి చేతులు కడుక్కున్నాను. ఎందుకో నాకే తెలియలేదు.

ఆ రాత్రి, మరుసటి రోజు, లెక్కలు వేస్తూనే ఉంది. ఆదివారం చర్చి బయట అయ్యగారికి సంగతి చెప్పేసింది. ఆయన ముఖం వేలాడేసి, "మరి నేను చేసిన ప్రసంగం?" అన్నారు.

"మీ ప్రసంగం మీదే అయ్యగారూ. ఆ గ్రహానికి దాంతో పని లేదు."

సోమవారం నేనూ కర్నూలు వెళ్లాను. తప్పు చేసినదాన్ని ఇంట్లో దాక్కుంటానా? వెనక వరసలో కూర్చున్నాను. స్తుతి గోడ మీద మొదట దువ్వెన బొమ్మ వేసింది, తర్వాత నా చీర బొమ్మ. "ఇది గ్రహం కాదు, మా అవ్వ బొటనవేలు" అంది. హాలంతా నవ్వింది. భూపేష్ సారు మధ్యలోనే లేచి బయటికి పోయాడు. చదువుకున్నవాళ్లు నోరంతా తెరిచి నవ్వితే ఎంత వికారంగా ఉంటారో ఆరోజు చూశాను.

హైదరాబాదు మేడం ఒక్కావిడే నవ్వలేదు. "మరి నీకు తెలిసిందేమిటమ్మా?" అని అడిగింది.

"శనివారం రాత్రులు మాత్రం అన్నిటికీ అద్దం ఒకే తీరుగా ఉండె మేడం, అప్పుడే తుడిచింటాది కాబట్టి. ఆ పది రాత్రుల్నే పోల్చినా. గ్రహం ఏమీ మారల్యా."

మేడం స్తుతి పేరు రాసుకుంది. సీటు మాత్రం రంగురంగుల బొమ్మలు వేసిన ఇంకొక పిల్లవాడికి పోయింది. రైల్లో స్తుతి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నంద్యాల పాసింజరులో ఎవరో ఉమ్మిన వక్కాకు మరక ఆ కిటికీ నిండా ఉంది. బనీను ముక్క తెచ్చుకోలేదే అనుకున్నాను.

"నా వల్లే కదా పాపా," అన్నాను.

"నువ్వు తుడవకపోతే ఆ పది రాత్రులు కూడా ఉండవు," అంది. అది ఓదార్పో నిజమో నేను అడగలేదు.

ఆ తర్వాతి శనివారమే కాలేజీ అటెండరు ఆంజనేయ జీపులో దిగాడు. సామాను వెనక్కి తెమ్మన్నారట. స్తుతి బడి బస్సు దగ్గరుంది. శనివారమూ పని పెట్టారు వెధవలు. టెలిస్కోపు గొట్టం, కాళ్లు, కెమెరా నేనే తీసి ఇచ్చాను. కెమెరా అద్దం మీద దుమ్ము వేలితో పేరు రాసేంత ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందమ్మా ఇంత దుమ్ము? రోంత తుడిచియ్యి. సారు నన్ను తిడతాడు."

బనీను ముక్క నా భుజం మీదే ఉంది. దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, బల్ల సొరుగులో వేశాను.

"అట్లే తీసుకుపో అప్పా. మీ సారుకు తుడుచుకునేది బాగా వచ్చు. మా ఇంట్లో మంచినీళ్ల గ్లాసే తుడుచుకున్యాడు."